మూడు పూటలు పిండి చూసిన ఓదెలు

ఓదెలు పేరెత్తితే నాకిప్పటికీ ముందు గుర్తొచ్చేది అతని అనుమానమే. లాల్‌దర్వాజాలో వాళ్లది పాల వ్యాపారం. బర్రెను కొనాలంటే అమ్మేవాడి కొట్టంలోనే మూడు పూటలు తమ చేత్తో పిండి చూసుకునేవారు. ఒక పూట పాలు తీయకుండా ఆపేసి, నిండు పొదుగు చూపించి అంటగట్టే ఘనులు ఉండేవారు మరి. ఆ ఇంట్లో పుట్టినవాడు చాంద్రాయణగుట్ట అవతల మా ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటర్ అయ్యాడు. నేను అతని పక్క కుర్చీలో టైపు కొట్టేదాన్ని.

అది 1989 ఎండాకాలం. కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లే రోజులు. ఆ చల్లదనం, ఆ ప్రింటర్ గోల తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఫ్లాపీలకు మాత్రం ఎప్పుడూ కరువే. ఒకరోజు టై కట్టుకున్న ఒకాయన వచ్చి ఫైళ్లను కుదించే కొత్త ప్రోగ్రాం చూపించాడు. అతను తెచ్చిన నాలుగు ఫ్లాపీల సరుకు ఒక్కదాంట్లో ఇమిడిపోయింది. మా ఆఫీసర్ ప్రకాశం సారు మురిసిపోయారు. కార్మికుల సర్వీసు రికార్డు మొత్తం కుదించేసి, పాత ఫ్లాపీలు తుడిచి వాడుకోమన్నారు.

"ఆయన ఫైలు ఆయనే తెచ్చుకున్నడు సార్. మన ఫైళ్లతోని మూడుసార్లు చూస్త," అన్నాడు ఓదెలు.

"ఇదేమన్నా బర్రెనా?" అని సారు నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. ఎలాగో మూడు రోజులు గడువిచ్చారు.

కుదించడం, మళ్లీ విప్పడం, అచ్చు తీయడం. పాత ఫ్లాపీల నుంచి తీసిన అచ్చు నేను చదవాలి, విప్పిన ఫైలు అచ్చులో అతను టిక్కు పెట్టాలి. మొదటి రోజు చిన్న ఫైలు, ఒక్క అక్షరం పోలేదు. రెండో రోజూ అంతే. నా గొంతు పోయింది.

"ఇగ చాలు ఓదెలన్నా, నీది మస్తు చాదస్తం," అని కసిరాను.

అతను నాకు చాయ్ తెప్పించి, మూడో రోజు ఏకంగా సర్వీసు రికార్డునే పెట్టాడు. అది కుదించినా రెండు ఫ్లాపీలు పట్టింది. విప్పినప్పుడు తెర మీద తప్పేమీ కనపడలేదు. కానీ చివరి పేజీలో నేను చదువుతూనే ఉన్నాను, అతని పెన్ను కదలడం లేదు.

అతని చేతిలోని అచ్చులో చివరి నలభై ఒక్క పేర్లు లేవు. రోజుకూలి నుంచి ఆ ఏడాదే పర్మినెంటు అయినవాళ్లవి. వాళ్ల పాత హాజరు పుస్తకాలు ఏనాడో చెదలు తినేశాయి. ఆ పాత ఫ్లాపీలు తప్ప వాళ్ల నౌకరీకి ఇంకో రుజువు లేదు. సారు కుర్చీలో కూలబడి, "తుడవలేదు కదా?" అని పదే పదే అడిగారు. ప్రోగ్రాం ఆ సాయంత్రమే వెనక్కి పోయింది.

ఆ నలభై ఒక్కమందిలో మా గది ఊడ్చే ఎల్లమ్మ ఒకతె. సంగతి విని చీపురుతోనే పరుగున వచ్చింది.

"నా పేరున్నదా బిడ్డా?"

ఓదెలు ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టాడు. పాత ఫ్లాపీ పెట్టి, తెర మీద ఒక వరస కింద వేలుంచి చదివి వినిపించాడు. పేరు, టోకెన్ నంబరు, పద్దెనిమిదేళ్ల సర్వీసు.

ఎల్లమ్మ ముందుకు వంగి ఆ వరసను చాలాసేపు చూసింది.

"పద్దెనిమిదేండ్లు ఊడ్చిన. గింతేనా బిడ్డా?"

ఓదెలు ఆ ఒక్క వరసను అచ్చు తీసి, కాగితం చింపి ఆమె చేతిలో పెట్టాడు.