మధ్య ముక్కకు దోవ

గుంటూరులో పొద్దున్నే బయలుదేరే ప్యాసింజరు ఎక్కితే మధ్యాహ్నం దాటేసరికి గిద్దలూరులో దిగవచ్చు. అలాగని రైల్వేవారు అంటారు. నేను వెళ్ళిన రోజు దొనకొండలో ఇంజను నీళ్ళకని ఆగి, ఇక లేవనని మొండికేసింది. మూడో తరగతి టిక్కెట్టు, చేతిసంచి, చెంబుడు నీళ్ళు, ఇంటావిడ కట్టిచ్చిన పులిహోర పొట్లం, ఇదీ నా సరంజామా. ఆ దారిన వెళ్ళదలచినవారు ఇంకేది మరిచినా నీళ్ళు మాత్రం మరవకూడదు. వినుకొండ దాటాక స్టేషన్లలో నీళ్ళకంటే టీ సులభంగా దొరుకుతుంది. ఆ టీ గురించి నేనేమీ చెప్పను.

ఈ ప్రయాణానికి కారణం ఒక లెక్క. నేను హైస్కూల్లో లెక్కల మేష్టరును. పాఠంలోని లెక్కలకంటే పాఠంలో లేనివంటేనే నాకు పిచ్చి. అగ్గిపుల్లలతో ఆడేవి, కాగితం కత్తిరించి అతికేవి, చేయి ఎత్తకుండా గీసేవి. నాకా పిచ్చి అంటించింది మా మేనమామ. గిద్దలూరుకు నాలుగు క్రోసుల దూరంలో ఒక పల్లెలో వీధిబడి నడిపేవాడు. వేసవి సెలవులకు వెళితే ఇసుకలో వేలితో చదరపు చేను గీసి, అందులో ఈశాన్యపు నాలుగోవంతు చెరిపేసేవాడు. మిగిలినదాన్ని నలుగురు కొడుకులకు పంచాలి. నాలుగు ముక్కలూ కొలతలోనే కాదు, ఆకారంలో కూడా ఒక్కటిగా ఉండాలి. పదేళ్ళప్పుడు అన్నం కూడా మానేసి ఆ లెక్క సాధించాను. మూల తెగిన పెద్ద చేను ఎలా ఉందో అచ్చం అలాగే నాలుగు చిన్న చేలు. మూడు మూలల్లో మూడు, వాటి మధ్యన ఒకటి. ఇప్పటికీ ఏటా పిల్లలకు ఆ లెక్క ఇచ్చి, వాళ్ళు గంతులేస్తుంటే చూసి మురిసిపోతాను.

అది ఉత్త లెక్క కాదు, మామ చేనే. నాలుగోవంతు ఒక కరువులో కనిగిరి వ్యాపారికి అమ్ముకున్నాడు. కొడుకులూ నలుగురే. ఇప్పుడు మామ పోయాడు. పోయేముందు, చేను తన లెక్క ప్రకారమే పంచాలనీ, మేనల్లుడు వచ్చి కొలవాలనీ చెప్పాడట. కబురు అందగానే ఏడుపొచ్చింది. నిజం దాచడమెందుకు, ఆ ఏడుపు కింద కాస్త ఉబలాటం కూడా ఉంది. ఇసుకలో చూసిన లెక్కను నేలమీద చూడబోతున్నాను కదా.

పెట్టెలో నా ఎదురుగా మార్కాపురం పలకల వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. సరుకు అమ్ముకుని ఖాళీ గోతాలతో ఊరికి పోతున్నాడు.

"ఏం పనిమీద పోతుండారు సాబ్?" అన్నాడు.

"పొలం పంచడానికి. నలుగురు అన్నదమ్ములు."

"అయితే బిరీన పంచేసి బిరీన రైలెక్కండి. నిలబడినారంటే మిమ్మల్ని కూడా పంచుతారు," అని నవ్వి, గోతాలు తలకింద పెట్టుకుని పడుకున్నాడు. నేనూ నవ్వాను. మార్కాపురం రోడ్డులో ఆయన దిగిపోయాక పెట్టె బోసిపోయింది. అక్కణ్ణించి కిటికీలో ఎటు చూసినా ఎండిన చేలు, వాటి వెనక నల్లమల కొండల వరుస.

గిద్దలూరులో దిగేసరికి పొద్దు వాలుతోంది. పెద్ద బావ చెన్నయ్య బండి కట్టుకుని వచ్చాడు. నలుగురిలో తండ్రి దగ్గర ఉండి సేద్యం చేసింది ఇతనొక్కడే. మిగతా ముగ్గురూ వేరే కాపురాలు పెట్టి చాలాకాలమైంది. దారిపొడుగునా నేను ఆ లెక్క అందం గురించి చెబుతూనే ఉన్నాను, ఆయన ఎద్దుల్ని అదిలిస్తూ వింటున్నాడు.

"నాకు ఆ లెక్క రాలే బామ్మర్దీ. తమ్ముళ్ళందరికీ వచ్చినాది. నాయన తిట్టి తిట్టి, నువ్వు మడక పట్టుకొని దున్నుకోరా అన్నాడు," అన్నాడు చివరికి.

మర్నాడు ఉదయం తాళ్ళు, కొయ్య మేకులు పట్టుకుని అందరం చేనికి పోయాం. కరణం వచ్చాడు. కొలవడం నాకు పండగలా గడిచింది. ఇక్కడ తాడు లాగు, అక్కడ మేకు దిగ్గొట్టు అంటూ అరుస్తుంటే నాకే నవ్వొచ్చింది. చివరి మేకు దిగాక గట్టెక్కి చూశాను. నాలుగు ముక్కలు, ఒక్క అచ్చులో పోసినట్టు. మామా, చూశావా, అనుకున్నాను.

ఆ సీమలో పంపకానికి ఒక పద్ధతి ఉంది. పంచేటప్పుడు పెద్దవాడు ముందుంటాడు, కోరుకునేటప్పుడు చిన్నవాడు ముందుంటాడు. చిట్టచివర మిగిలింది పెద్దవాడికి. చిన్నవాడు రమణ నైరుతి మూల ముక్క కోరుకున్నాడు. మూడోవాడు కొండయ్య వాయవ్యం మూలది, రెండోవాడు వెంకటయ్య ఆగ్నేయం మూలది తీసుకున్నారు. మిగిలిన మధ్య ముక్క చెన్నయ్యది.

అప్పుడు చూశాను. చేనికి పడమరా దక్షిణమూ బండ్లు పోయే డొంక ఉంది. మూల ముక్కలు మూడింటికీ ఆ డొంక తగులుతుంది. మధ్య ముక్కకు మూడు పక్కలా తమ్ముళ్ళు, నాలుగో పక్క కనిగిరి వ్యాపారి కట్టించిన ఎత్తైన రాతిగోడ. లెక్క చేసినన్నాళ్ళూ మధ్య ముక్క నాకెంతో ముద్దుగా కనిపించేది, ముగ్గురి ఒడిలో కూర్చున్న బిడ్డలా. దానిలోకి మనిషి ఎలా వెళతాడని ఒక్కనాడూ ఆలోచించలేదు.

"మరి నేను మడక ఎట్ల తోలుకొని పోవాల?" అన్నాడు చెన్నయ్య, మెల్లగా.

కరణం గొడుగు విప్పుకున్నాడు.

"రమణా, బండి పట్టేంత దోవ ఇవ్వవయ్యా," అన్నాను.

"ఇస్తే నా ముక్క తగ్గదా బావా? సమానంగా ఉండాలన్నది నాయన మాట."

వెంకటయ్యను అడిగాను. "ముగ్గురూ ఇస్తే నేనూ ఇస్తా," అన్నాడు. కొండయ్యదీ అదే మాట.

"ఒక్క ముక్కకు మూడు దోవలెందుకయ్యా?"

"మరి ఒక్కరే ఎందుకియ్యాల?" అన్నాడు కొండయ్య.

వేపచెట్టు కింద కూర్చుని కాగితం తీశాను. రమణ దోవ ఇస్తే, మిగతా ఇద్దరూ తమ మేకులు కాస్త జరిపి అతనికి ఆ నష్టం పూడ్చాలి. ముగ్గురికీ ఒకే అంత తగ్గుతుంది. చక్కగా కుదిరింది. పరుగున వెళ్ళి చూపించాను.

రమణ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. తెలివైనవాడు. "అప్పుడు ఆకారం మారిపోతుంది గదా బావా! నాలుగూ ఒకే తీరున ఉండాలని నువ్వే గదా చెప్పినావు?"

నాకు కోపం తన్నుకొచ్చింది. మీ చదువు తగలెయ్య, అన్నం పెట్టిన అన్నను బందెలదొడ్లో పెడతారా అని కేకలేశాను. వాళ్ళూ ఊరుకోలేదు. సెంటు భూమి లేని నాకు భూమి సంగతి ఏం తెలుసన్నారు. చెన్నయ్యే వచ్చి నా రెక్క పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"వద్దులే బామ్మర్దీ. నాయన ఏమన్నాడో తెలుసునా? మధ్య ముక్క తీసుకున్నోడు ముగ్గురితోనూ మాట్లాడాల, ముగ్గురూ వానికి దోవ ఇడవాల, అట్లయితేనే మీరు కలిసుంటారన్నాడు. దానికే ఆ లెక్క పెట్టినాడు."

పాపం మామ! ఎంత ఆశపడ్డాడు! సాయంత్రానికల్లా తమ్ముళ్ళు ముగ్గురూ తమ మేకుల వెంబడి కంప నాటేశారు. అంత ముల్లు అంత తొందరగా ఎక్కణ్ణించి కొట్టుకొచ్చారో నాకు తెలియదు. పెద్ద బావ ఇంట్లో సజ్జరొట్టె, గోంగూర పచ్చడి పెట్టారు. బావ భార్య అక్కయ్య వడ్డిస్తూ కళ్ళు తుడుచుకుంటుంటే సగంలోనే చెయ్యి కడుక్కున్నాను.

తెల్లవారి పక్కింటివాళ్ళ బండి మాట్లాడుకుని స్టేషనుకు బయలుదేరాం. దిగబెట్టడానికి వస్తున్నాడనుకున్న చెన్నయ్య చేతిలో గుడ్డలమూట ఉంది. గిద్దలూరులో తానూ టిక్కెట్టు తీసుకున్నాడు, మార్కాపురం రోడ్డుకు.

"పలకల గనుల్లో పని ఉందంట," అన్నాడు.

"చేను?"

"ఎద్దులు అమ్ముతానని చెప్పొచ్చినా. ఆ చేనులోకి పిట్టలకైతే దోవ ఉంది."

రైలు సమయానికే వచ్చింది. కంభం దాటాక ఆయనే నావైపు తిరిగి, "ఏదన్నా లెక్క చెప్పు బామ్మర్దీ, పొద్దు పోవాల," అన్నాడు.

"వద్దు బావా. లెక్కలంటేనే వెగటు పుట్టింది నాకు."

"పంచేది ఏమీ లేనిది చెప్పు. ఉంటుందా అట్లాంటిది?"

ఉంటుంది. జేబులో సుద్దముక్క తీసి, మా మధ్య ఖాళీగా ఉన్న బల్లమీద ఒక చదరం, దానిలో మూల నుంచి మూలకు రెండు గీతలు, పైన పూరికప్పు గీశాను. చేయి ఎత్తకుండా, గీసిన గీత మీద మళ్ళీ పోకుండా ఈ ఇల్లు గీయాలన్నాను. ఆయన కప్పు కొన నుంచి మొదలుపెట్టాడు. ఒక గీత మిగిలిపోయింది. పై మూల నుంచి వచ్చాడు. మళ్ళీ మిగిలింది. ఉమ్మి తడితో తుడుస్తాడు, గీస్తాడు, నాలుక కొరుక్కుంటాడు. ఒక్కొక్క మూలలో ఎన్నేసి గీతలు కలుస్తున్నాయో చూసుకోమని మాత్రం చెప్పాను.

చాలాసేపు వేలు పెట్టి ఎంచుకున్నాడు. "కింది రెండు మూలల్లోనే బేసి ఉండాది. మిగతావన్నీ సరి," అన్నాడు తనలో తాను. కింది ఎడమ మూలలో సుద్ద పెట్టాడు. చేయి మెల్లగా పోయింది, ఆగింది, మళ్ళీ పోయి, కప్పు ఎక్కి దిగి, కింది కుడి మూలలో నిలిచింది. ఒక్క గీతా మిగల్లేదు.

"వచ్చినాది! బామ్మర్దీ, వచ్చినాది!" అని పెట్టెలో అందరూ తిరిగి చూసేట్టు అరిచాడు. నడివయసు మనిషి ముఖం పదేళ్ళ పిల్లాడి ముఖమైపోయింది. "నాయన ఉంటే చూపిద్దునే," అన్నాడు. నేను కిటికీవైపు తిరిగి కళ్ళొత్తుకున్నాను.

తర్లుపాడు ఎప్పుడు పోయిందో తెలియదు. మార్కాపురం రోడ్డు రానే వచ్చింది. ఆయన మూట భుజాన వేసుకుని, బల్లమీది బొమ్మను ఇంకొకసారి చూసుకుని దిగాడు. రైలు కదిలేటప్పుడు జట్కావాడిని గనుల దారి అడుగుతూ కనిపించాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ సీమకు వెళ్ళేవారికి రైలు సౌకర్యం బాగానే ఉంది. కొండలు చూడముచ్చటగా ఉంటాయి, మనుషులు తమకు లేకపోయినా ఎదుటివాడికి రొట్టె పెడతారు. ఇంతకంటే ఆ ప్రాంతం గురించి మంచి మాట రాయాలని ఉంది, నా మనసు రానివ్వడం లేదు. బొమ్మ చెరిగిపోకూడదని చేతిసంచి దానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. వినుకొండలో జనం విరగబడి ఎక్కారు. పెద్దాయన ఒకరు చంటిబిడ్డనెత్తుకున్న కూతురితో వచ్చి, నా సంచి పక్కకు జరిపి, "ఏమిటండీ ఈ పిచ్చిగీతలు," అంటూ పైపంచెతో బల్ల తుడిచేశారు. నేను జరిగి ముగ్గురికీ చోటిచ్చాను.