రెండు ఖాళీ కొక్కేలు

కరోనా తగ్గాక వచ్చిన వానాకాలంలో, గోదావరిఖనిలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో డెవలపర్‌గా చేరాను. మా పాపకు అప్పుడే పళ్లొస్తున్నాయి. తర్వాత ఆ ఉద్యోగం మానేశాను గానీ, ఈ ఒక్క సంగతి మీద కోపం ఇంకా తగ్గలేదు.

మాకు అప్పగించిన పని ఒక బొగ్గుబాయి ల్యాంప్ రూముకు ప్రోగ్రాం. దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే క్యాప్ ల్యాంపు అక్కడే తీసుకుంటారు, పైకొచ్చాక తిరిగిస్తారు. దాన్నిబట్టి లోపల ఎవరున్నారో తెర మీద కనిపించాలి. మొదటి ప్రోగ్రాం షిఫ్టు మారగానే పాత పేర్లన్నీ తుడిచేసేది. ఓటీకి లోపలే ఆగినవాళ్లు కూడా మాయమయ్యేవారు. ల్యాంపు తిరిగొచ్చేదాకా పేరు పోకుండా నేను దిద్దాను. ఆ మార్పును, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఒక కమిట్‌గా, అంటే వివరణ రాసి భద్రపరిచిన మెట్టుగా, పెట్టాను. దాని తర్వాత మా టీం లీడ్ శ్రీకాంత్ కొత్త తెర కమిట్ పెట్టాడు.

ల్యాంప్ రూములో ప్రోగ్రాంను పరీక్షించే రోజు పొద్దున అతను రీబేస్ చేసి, అంటే కమిట్లను మళ్లీ పేర్చి, ఆ రెండింటి క్రమం మార్చాడు. తన తెర ముందు, నా దిద్దుబాటు వెనక. రెండూ ఒకే ఫైలులో ఒకే చోటును తాకాయి కాబట్టి గిట్ ఆగి, ఎవరి కోడ్ వరుసలు ఉంచాలో అడిగింది. చదవకుండా తనవే ఉంచాడు. నా కమిట్‌లో ఏమీ మిగలకపోవడంతో దాన్ని దాటేసి, అందరి కోడ్ మీదకు బలవంతంగా ఎక్కించాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు.

ల్యాంప్ రూములో అందరం చూస్తుండగా మొదటి షిఫ్టు ముగిసింది. రెండో షిఫ్టు ఇంకా దిగలేదు. లోపల ఎవరూ లేరని తెర చూపించింది. ఎదురుగా, అదే బాయిలో ఫిట్టర్‌గా చేసే మా ఆయనదీ, ఆయన తోటి ఫిట్టర్‌దీ ల్యాంపు కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. పంపు పని తేలక ఇద్దరూ ఓటీకి ఆగారని అప్పుడే కింద నుంచి ఫోనొచ్చింది.

ల్యాంప్ రూము చూసే సత్తయ్య కాక నా వైపు తిరిగాడు. "ఇదేంది బిడ్డా? బాయిల మనుషులుండంగ ఎవ్వరు లేరంటది?"

శ్రీకాంతే అందుకున్నాడు. "ఆ ముక్క ఆమెదే కాకా. చిన్నపిల్ల తల్లి గద, ధ్యాసంత ఇంటికాడనే ఉంటది."

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను లాప్‌టాప్ తెరిచి, నా దగ్గరున్న పాత ప్రతిని అతను ఎక్కించినదానితో పోల్చి చూపించాను. నేను రాసిన వరుసలు లేవు.

"క్రమమే మార్చిన చెల్లె. గింతదానికి గింత లొల్లా?"

"గింతదా అన్నా? లోపల కప్పు కూలితే ఈ తెర చూసే గద ఎవలిని వెతకాల్నో చెప్తరు. మా ఆయనను ఎవలు వెతుకుతరు?"

సరిచేసేదాకా ప్రోగ్రాం అందిందని సంతకం పెట్టనని కాక తేల్చేశాడు. అక్కడే కూర్చుని నా కమిట్ తిరిగి పెట్టాను. తెర మీద రెండు పేర్లు వచ్చాయి. శ్రీకాంత్ క్షమాపణ అడగలేదు.

కమిట్ల క్రమం మార్చవచ్చు; ఇంకెవరూ తీసుకోని, మన దగ్గరే ఉన్నవాటిని మాత్రమే. మార్చాక చివరి కోడును పాతదానితో పోల్చాలి. ఒక్క వరుస తగ్గినా దాన్ని క్రమం మార్చడం అనకూడదు, తీసేయడం అనాలి. తీసేసినవాడే ఆ మాట చెప్పాలి.