కుంపటి తన్నిన రోజు

ఆ ఎండాకాలం మా ఊరు సర్ఖని పక్క అడవి అంటుకుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు కాలుస్తారు. ఎవరో పెట్టిన మంట గాలికి చెయ్యి దాటిపోయింది. మా అమ్మ ఇంట్లో చెల్లె బాలింత. పిల్లవాడు నెల తక్కువ పుట్టాడు. పొగ తగలనివ్వొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడట. ఆ మాట వినగానే నాందేడ్ నుంచి బయల్దేరాను.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఆ రోజు అది కాళ్లలోకి దిగింది.

తలుపులు మూసి, కిటికీలకు తడి చీరలు కట్టాను. వాకిట్లో రాలిన బూడిదను పక్కింటామె ఊడవబోతే చీపురు గుంజి విసిరేశాను. నీళ్లు చల్లి తడిగుడ్డతో నేనే తుడిచాను. ఇంత చేసి లోపలికి వచ్చేసరికి, మూసిన గదిలో అమ్మ కుంపటి ముందు కూర్చుని ఉంది. నీళ్లు పోసిన పిల్లలకు ఊదు పొగ పట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. పిల్లవాణ్ణి పొగ మీద బోర్లా పట్టుకుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు.

పిల్లవాణ్ణి లాక్కుని కుంపటిని తన్నాను. నిప్పులు గోడకు కొట్టుకున్నాయి. నా పాదం కాలింది. అమ్మ నా చెంప పగలగొట్టింది. నేను పిల్లవాణ్ణి ఒక చేత్తో పొదువుకుని, రెండో చేత్తో ఆమె జబ్బ పట్టి గోడకు తోశాను. చెల్లె మంచం దిగి తడి గోనె నిప్పుల మీద కప్పింది.

“నిన్ను గూడ గిట్లనే పెంచిన. నువ్వు సచ్చినవా?” అంది అమ్మ.

“నేను సావలే. అన్న సచ్చిండు గదా.”

అన్న నాకంటే ముందు పుట్టి, పురిటి నెలలోనే దగ్గి దగ్గి పోయాడు. దిష్టి తగిలిందని అమ్మ చెప్పేది. ఇంట్లో వాడి మాట ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు. నేను ఆ మాట అమ్మకు తగలాలనే అన్నాను.

అప్పటికే పిల్లవాడి పక్కటెముకలు లోపలికి గుంజుకుపోతున్నాయి. జీపు అద్దాలెక్కించి కిన్వట్ ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ ఆక్సిజన్ పెట్టి నాందేడ్ పంపారు.

తెల్లారాక ఊపిరి కుదుటపడిందని డాక్టర్ చెప్పాడు. చెల్లె బోరున ఏడ్చింది. అమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుంటే, కాలిన నా పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది.

“మీ అన్న గూడ పొగతోనే పోయిండా, బిడ్డా?”

అంతదాకా డాక్టరు కంటే ఎక్కువ మాట్లాడిన నోరు నాది. తెలియదమ్మా అన్నాను.