పాలగడ్డ అనుకున్నాం

మా అమ్మ చేతికి పేరుండేది. సూర్యాపేటలో మా వాడకట్టులో ఏ బాలింతకు పాలు గడ్డకట్టి రొమ్ము రాయిలా అయినా మా ఇంటికే కబురొచ్చేది. అమ్మ ఇనుప గరిటెలో ఆముదం వెచ్చబెట్టి, బొటనవేళ్లతో చంక వైపు నుంచి ముచ్చిక వైపు మెల్లగా తోసేది. ముందు గడ్డ చుట్టూ, చివరికి గడ్డ మీద. ఆ తర్వాత వేడినీళ్ల గుడ్డతో కాపడం, ఆముదపాకు సెగ చూపించి కట్టడం. రెండు మూడు రోజుల్లో పాలు జారేవి, పసిబిడ్డ రొమ్ము పట్టేది. ఇందులో మంత్రమేమీ లేదు, ఒట్టి ఓపిక. ఇంత మంచి విద్యే మా అక్కను తినేసింది. ముందే చెప్పేస్తున్నాను, అక్క బతకలేదు. బతుకుతుందేమోనని చివరిదాకా ఆశపడి చదవకండి. ఆ ఆశ ఎంత చెడ్డదో నాకు తెలుసు.

అక్కను కోదాడ ఇచ్చారు. ఎనభైలు ముగుస్తున్న రోజులవి. కూతురికి రెండేళ్లు నిండుతుంటే పాలు మాన్పించడానికి పుట్టింటికి వచ్చింది. అమ్మ ముచ్చికలకు వేపాకు ముద్ద పూసింది, పాలు ఇంకిపోవాలని రొమ్ముల మీద మల్లెపూలు పరిచి గుడ్డ కట్టింది. పిల్ల మొదటి రోజంతా ఏడ్చింది, రెండో రోజు అలిగింది, మూడో రోజు అన్నం ముద్దకు దారికొచ్చింది. పూల కట్టు విప్పిన రోజు స్నానాల గదిలోంచి అక్క నన్ను పిలిచింది. ఎడమ రొమ్ము పైభాగాన వేలు పెట్టి, "గీడ సూడే, రేగ్గింజంత ఏదో తల్గుతుంది" అంది.

అమ్మ వచ్చి నొక్కి చూసింది.

"నొస్తుందా?"

"లేదమ్మా."

"పాలగడ్డనే బిడ్డా. పాలు మాన్పించినం గద, లోపల్నే ఎండిపోయినయి. గందుకే నొప్పి లేదు. ఎండిన గడ్డ జల్ది కరగది, జర ఓపిక పట్టాలె."

నొప్పి లేదని మేమందరం సంతోషించాం. ఏం సంతోషమో! ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

అక్క ఎన్నాళ్లని పుట్టింట్లో ఉంటుంది? అమ్మ నాకు చేయి పట్టి నేర్పించి, ఆమె వెంట కోదాడ పంపింది. నాకప్పటికి పెళ్లి కాలేదు. పొద్దున బావ దుకాణానికి వెళ్లాక వంటింటి తలుపు దగ్గరగా వేసి, అక్కను పీట మీద కూర్చోబెట్టి రుద్దేదాన్ని. అక్కకు చక్కిలిగింత ఎక్కువ. "ఓయ్, జర మెల్లగ! పిండి పిసుకుతున్నవా ఏంది?" అని నవ్వేది. ఆ నవ్వు వినడానికే ఇంకాసేపు రుద్దేదాన్ని. బయట నుంచి అక్క అత్తగారు, "ఏమ్మా, తగ్గిందా? నొప్పి లేదుగా, అయితే ఫర్లేదులే" అనేది. మంచి మనిషే. ఆమెకు మాత్రం ఎవరు చెప్పారు?

కొన్నాళ్లకు చంకలో చిన్న బిళ్ల తగిలింది. నాకు భయమేసింది. మర్నాడే బస్సెక్కి సూర్యాపేట వెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. "కాలికి పుండయితే గజ్జల బిళ్ల కట్టదా? గిదీ గంతే. సెగకు కట్టింది" అంది. నిజమే కదా అనిపించింది. చిన్నప్పుడు నాకూ కట్టింది, పుండు మానగానే పోయింది. అదే బస్సులో తిరిగి వచ్చి మళ్లీ నూనె వెచ్చబెట్టాను.

ఆరో నెలలో గడ్డ మీద చర్మం లోపలికి లాక్కుని చిన్న గుంట పడింది. అలాంటి గుంటకు అర్థమేమిటో ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజు నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తోంది. గంతులేశాను. "అక్కా, అణుగుతుందే! గుంట వడ్డది సూడు!" అని అరిచాను. అక్క అద్దం తెప్పించుకుని చూసుకుంది. కబురు అందుకుని అమ్మ వచ్చింది, చూసింది, కరుగుతోందని తేల్చింది, ఇంకాస్త గట్టిగా రుద్దమంది. ఆ పూట అత్తగారు బెల్లమన్నం వండింది. నలుగురు ఆడవాళ్లం చుట్టూ కూర్చుని పండగలా తిన్నాం. అది గుర్తొస్తే నాకు ఏడుపు రాదు, కోపమొస్తుంది. నా మీద, అమ్మ మీద, ఆ తియ్యటి అన్నం మీద కూడా.

ఆ వెంటనే నాకు మిర్యాలగూడ సంబంధం కుదిరి పెళ్లయింది. కాపురం చూడటానికి వచ్చిన అక్క, గదిలోకి పిలిచి రవిక విప్పి చూపించింది. గుంట పెద్దదయింది, ముచ్చిక లోపలికి పోయింది. ఇక అమ్మను అడగలేదు. డాక్టరు దగ్గరికి పోదామంటే అక్క వద్దంటే వద్దని మొండికేసింది. "డాక్టరు గూడ ఆడమనిషేనాయె, సిగ్గెందుకే!" అని చేయి పట్టుకుని లాక్కుపోయాను.

డాక్టరమ్మ రొమ్ము చూసింది, చంకలో చూసింది, మెడ కింద తడిమింది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఎన్ని నెలలైంది?"

"తొమ్మిది" అన్నాను.

"ఇన్ని దినాలు ఏం చేసిండ్రు?"

"ఆముదం పెట్టి రుద్దినమమ్మా."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. హైదరాబాద్ పెద్ద దవాఖానకు చీటీ రాసింది. అక్క బయటికి వెళ్లాక ఆగలేక అడిగాను. "రుద్దుడుకే ముదిరిందా అమ్మా?"

"అది నేను చెప్పలేను. కని తొమ్మిది నెలలు పోయినయి గద, అవి మళ్ల రావు" అంది.

హైదరాబాద్‌లో రొమ్ము తీసేశారు. మందులెక్కించారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. జుట్టంతా ఊడింది. ఎడమ చేయి వాచి గాజులు పట్టలేదు. ఏడాది తిరిగేసరికి రోగం ఎముకల్లోకి పాకింది. నొప్పి లేదని మురిసిపోయిన మాకు అప్పుడు నొప్పంటే ఏమిటో తెలిసింది. దిండు సర్దినా అరిచేది. పిల్ల మంచమెక్కబోతే అందరం దూరం లాగేవాళ్లం. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, సూర్యాపేటలో, అమ్మ చేతుల మీదే పోయింది.

ఏడ్చి ఏడ్చి అమ్మ ఒక మాట పట్టుకుంది. "కత్తి వెట్టినంకనే పాకింది" అనేది పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషితోనూ. కత్తి దాకా తీసుకుపోయింది నేనే కదా. నా ముఖం మీద ఎన్నడూ అనలేదు. గోడకు ఇవతల కూర్చుని నేనే వినేదాన్ని.

తర్వాత రెండేళ్లకు నాకు మిర్యాలగూడలోనే ఆడపిల్ల పుట్టింది, పురుడు చూడటానికి అమ్మ వచ్చి ఉంది. పదో రోజున కుడి రొమ్ములో గడ్డ. ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి, పైగా చలిజ్వరం. అమ్మ నూనె వెచ్చబెట్టుకుని వస్తే, "ముట్టకు!" అని అరిచి, పసిదాన్నెత్తుకుని అదే డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆమె చూసి, "భయపడకు, ఇది పాలగడ్డనే. మందులిస్త. పిల్లకు పాలు మాన్పకు, మెల్లగ మర్దన చేయించుకో" అంది.

ఇంటికొచ్చి అమ్మ ముందు కూర్చున్నాను. మూడో రోజుకు పాలు జారాయి. పిల్ల గటగటా తాగుతోంది. ఎన్నాళ్లకో అమ్మ ముఖంలో కళ వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, మొదటిసారి నా ముఖం చూస్తూ అంది.

"సూసినవా బిడ్డా? మీ అక్కది గూడ గిట్లనే కరుగుతుండె. నువ్వే జర ఆగకపోతివి."

అమ్మా, నువ్వూ నేనూ కలిసే దాన్ని చంపుకున్నామే, అనే మాట నా నోటి చివరిదాకా వచ్చింది. అది బయటపడితే అమ్మ ఆ పూట దాటి బతకదు. అమ్మ కూడా పోతే నాకెవరున్నారు?

"అవునమ్మా, నాదే తప్పు" అన్నాను.

అమ్మ నా తల నిమిరింది. నన్ను క్షమించేసింది.