గుడి లోపల చెప్పే ఘట్టం

కట్టంగూర్ కురుమవాడలో మతాల అధ్యయనం సబ్జెక్టుగా డిగ్రీ సీటు సాధించిన మొదటి పిల్ల నాగరాణి. పదో తరగతిలో మండలం ఫస్టు, వ్యాసరచనలో జిల్లా బహుమతి కూడా ఆమెవే. దేవుడి సంగతి రాయాలంటే చెప్పులు విడిచి కూర్చుంటుంది. ఏటా బీరప్ప పండుగలో తాత గుర్వయ్య పక్కన బండారు, అంటే దేవుడి పసుపు, ఉన్న పళ్లెం పట్టేది ఆమే. ఎక్కడా బయటపెట్టనని ఆమె ఆ బండారు ముట్టుకుని ఒట్టేశాకే, గుడి లోపల మాత్రమే చెప్పే బీరప్ప కథాఘట్టాన్ని తాత వినిపించాడు. అదే మొన్న కాలేజీ పత్రికలో ఆమె ఫొటోతో అచ్చయింది.

"బండారు ముట్టి ఒట్టేసినవు గద బిడ్డా!" అన్నాడు తాత ఫోన్లో.

"నీ తర్వాత గా కథ ఎవలకు యాదుంటది తాతా?"

"నేనింక సావలే గదనే!"

ఈసారి పండుగ మార్చి ఒకటిన. నాగరాణి రెండో తారీఖున వస్తానంది.