చివరి వాక్యమే వినే యంత్రం

ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాని ఆ రోజుల్లో మేనేజరు గొంతు సవరించుకున్నా కుర్చీలోంచి లేచి నిలబడేదాన్ని. కర్నూలులో ఓ చిన్న కంపెనీ. రైతు మామూలుగా ఫోనులో మాట్లాడుతుంటే, ఆ మాటల్లోంచి అసలు ప్రశ్నను పట్టుకుని, వ్యవసాయ సలహాల కుప్పలోంచి సరైన కాగితం వెతికి చదివే యంత్రం తయారు చేయడం నా పని. (యంత్రమంటే కంప్యూటరు ప్రోగ్రామే, అమ్మకు అలా చెబితేనే అర్థమయ్యేది.) పత్తికొండ టమాటా మార్కెట్లో ఆఫీసర్లకు దాన్ని చూపించే రోజున అది పని చేయకపోతే నన్ను ఇంటికి పంపేస్తారు. ఇంటికెళ్లడానికీ మొహం లేదు. నా ఉద్యోగం నిలవాలని అమ్మ నందికొట్కూరు చర్చిలో అప్పటికే అందరిచేతా ప్రార్థన చేయించేసింది.

చిక్కేమిటంటే, మావైపు ఎవరూ వస్తూనే పని సంగతి ఎత్తరు. ముందు మంచీ చెడ్డా మాట్లాడాలి. ఒకాయన కూతురు కాన్పుకొచ్చిన కబురంతా చెప్పి, చివర్లో వేరుశనగ తెగులు గురించి అడిగితే, నా యంత్రం గొర్రెలు ఈనేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు చదివింది. దాంతో నా తెలివంతా ఖర్చుపెట్టి, చివరి వాక్యాన్నే ప్రశ్నగా తీసుకోమని దానికి నేర్పాను.

ఆ రోజు మార్కెట్లో గంపలు దించుకుంటున్న ఓ తాతకు ఫోనిచ్చాం. చుట్టూ అంతమంది ఆఫీసర్లను చూసి బెదిరాడో ఏమో, నేరుగా విషయంలోకి దిగాడు. "టమాటా ఆకు ముడుచుకుంటాండాది సామీ, ఏం మందు కొట్టల్ల?" నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ మాట తుంచేసి ఫోనిచ్చేయడం మర్యాద కాదుగా! "సరే సామీ, ఇంట్లో అందర్నీ అడిగినానని చెప్పు," అన్నాడు. యంత్రం ఇంటి పెరట్లో కూరగాయల పెంపకం గురించి ఎత్తుకుంది. మేనేజరు నావైపు ఓ చూపు చూశాడు.

"ఏం పాపా, అట్ల వణుకుతాండావు?" అన్నాడు తాత.

"ఉద్యోగం పోతాది తాతా," అనేశాను. ఏడుపొక్కటే తక్కువ.

ఆయన ఫోను మళ్లీ లాక్కున్నాడు. "సామీ, ఈ పిల్ల శానా మంచిది. నువ్వే కాపాడల్ల," అని యంత్రాన్ని బతిమాలాడు. అది కాసేపు ఆలోచించి, చలికాలంలో కోళ్లను కాపాడుకునే పద్ధతులు చెప్పింది. అందరికన్నా ముందు నవ్వింది మేనేజరే. "ఈ తాతకు సరైన జవాబు దొరికేదాకా నువ్వు యాడికీ పోవద్దు," అన్నాడు.

మేనేజరు ఉద్దేశం టమాటా సంగతే. దానికి జవాబు ఎప్పుడో దొరికింది. ఇప్పటి యంత్రాలైతే ఎంత పొడుగు కబుర్లలోంచైనా ప్రశ్నను ఇట్టే లాగేస్తున్నాయి. అయినా కొత్త యంత్రం ఏది వచ్చినా, దాన్ని పరీక్షించేటప్పుడు తాత నాకోసం "నువ్వే కాపాడల్ల" అని అడిగిందే ముందుగా వినిపిస్తాను. మా కాగితాల్లో దానికి జవాబు లేదని తెలుసు. పరీక్షలోంచి తీసేయడానికి మాత్రం మనసొప్పదు.