టెంకాయ పాయింటు మానేసిన సంగతి

కర్నూలు, కడప జిల్లాల్లో నేను బోరు పాయింటు పెట్టని ఊరు లేదు. పీచు తీసిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకొని చేనంతా అటూ ఇటూ నడుస్తాను. కింద నీళ్ళున్న చోట అది లేచి నిలబడుతుంది. అక్కడ సున్నం పోస్తారు. మర్నాడు బోరు లారీ వస్తుంది, నీళ్ళు తాటిచెట్టెత్తు ఎగజిమ్ముతాయి.

ఇంతవరకు రాసి, ఊర్లను వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. తొమ్మిది వచ్చినాయి. అందులో ఒకటి మా సొంత ఊరే. నీళ్ళు కూడా మనిషెత్తు అనుకోండి. ఉత్త దుమ్ము లేచిన చోట్ల సంగతి ఇంకా ఎత్తలేదు.

పోయిన ఎండాకాలం నా మోకాళ్ళు మొరాయించినాయి. కర్నూలు డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇంక ఎంతో నడక మిగల్లేదు, చూసి వాడుకో అన్నాడు. ముఖ్యమైన పనులు పెట్టుకొని తక్కినవి వదిలేయమన్నాడు. మా ఊరు బేతంచెర్లకు తిరిగొచ్చి, ఒక పెండ్లిపత్రిక వెనక నేను చేసే పనులన్నీ రాసినాను.

మొదట గట్టు తగాదాలు కొట్టేసినాను. చుట్టుపక్కల ఏ చేనికి హద్దురాయి యాడ పాతినారో నాకు తెలుసు. గొడ్డళ్ళు పట్టుకున్న అన్నదమ్ములను కూర్చోబెట్టి మాట్లాడించినవాణ్ణి, ఇది మాత్రం కోతలు కొయ్యడం కాదు. కానీ తీర్పు చెప్పినాక ఇద్దరూ కలిసి నన్నే తిట్టుకుంటా పోతారు. తర్వాత పెండ్లి మాటలు కొట్టేసినాను. దేవళం కమిటీ వాళ్ళు నన్ను వదిలేసి ఏడాది దాటింది, అయినా నేనే వదిలినట్టు దానిమీద కూడా గీత పెట్టినాను. మిగిలింది పాయింట్లు. టెంకాయ లేచినప్పుడు, పదేళ్ళుగా పలకరించని మనిషి కూడా చేతులు జోడిస్తాడు. అదెట్లా వదిలేది?

మా ఇంటామె పత్రిక తిప్పి చూసి, ఇందులో ఇంటి పని ఒక్కటీ లేదే అనింది. చేసేవే వదులుకోవాల, చెయ్యనివి ఎట్లా వదిలేది అన్నాను.

నెల తిరక్కముందే మా అక్క కొడుకు ఫోన్ చేసినాడు. వాడిది ఆలూరు దగ్గర పల్లె, వానను నమ్ముకున్న చేను. నా పాయింట్ల మీద అప్పటికే రెండు బోర్లు వేసినాడు, రెండిట్లోనూ దుమ్మే లేచింది. మూడోదానికి ఎద్దుల జతను బేరం పెట్టినాడంట. ఇదీ పడకపోతే ఇంటికి తాళం వేసి, పెండ్లాం పిల్లలతో మా బేతంచెర్లకే వచ్చి బండల లోడింగు పనికి చేరతానని చెప్పినాడు. గురువారానికి లారీ మాట్లాడినాను, నువ్వు బుధవారం రా మామా అన్నాడు.

డోన్‌లో ఒక బస్సు, పత్తికొండలో ఒక బస్సు మారి పోయినాను.

ఇప్పుడు టెంకాయ సంగతి చెప్పాల. మొట్టమొదటిసారి అది దానంతటదే లేచింది. ఒట్టు. భయమేసి కింద పడేసినాను. ఆ తర్వాత ఎప్పుడూ లేవలేదు, నేనే లేపినాను. అట్లని కండ్లు మూసుకొని లేపలేదు. ఎండాకాలంలో కూడా పచ్చగుండే చెట్టు, చెదపుట్ట, వాన నీళ్ళు పారే వాలు, ఇవన్నీ ముందు చూసుకుంటాను. చోటు తీర్మానించుకున్నాక, సరిగ్గా అక్కడికొచ్చి అరచెయ్యి ఇంత వంచుతాను. సగానికి సగం నీళ్ళు పడినాయి. సరే, మూడింటికి ఒకటి.

వాడి చేనులో పుట్ట లేదు, పచ్చని చెట్టు లేదు. మూరెడు తవ్వితే బండ. రెండుసార్లు నిలువునా నడిచినాను. వాడు చెప్పులు గట్టు మీద విడిచి, సున్నం గిన్నె రెండు చేతుల్తో పట్టుకొని, గుడి చుట్టూ తిరిగినట్టు నా వెనకనే నడుస్తాండాడు. ఎండకు నేల కాలుతాంది. చేను నడిమధ్యన నా చెయ్యి అలవాటు కొద్దీ వంగబోయింది. వెనక్కి తిరిగి వాడి కాళ్ళు చూసి ఆగిపోయినాను.

"యాడ పొయ్యాల మామా?" అన్నాడు.

"యాడా పొయ్యొద్దు. టెంకాయ లేచేది కాదబ్బీ, నేనే లేపుతాండా."

వాడు నవ్వినాడు. నా ఎగతాళి మాటలు వాడికి కొత్త కాదు. అప్పుడు గట్టు మీద కూర్చొని, వాడి కండ్ల ముందరే మూడుసార్లు లేపి చూపించినాను. మూడోసారికి వాడి ముఖంలో నవ్వు లేదు.

"మరి ముందు రెండు?"

"అవీ అంతే."

వాడు గిన్నె కింద పెట్టినాడు. తిడతాడనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది.

"మా నాయన పోయినప్పటి నుంచి చేను సంగతి నిన్నొక్కణ్ణే అడుగుతాండా మామా," అన్నాడు.

తర్వాత లారీ అతనికి ఫోన్ చేసి, రావద్దప్పా అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నన్ను బండి మీద ఆలూరు బస్టాండులో దింపినాడు. బస్సు వచ్చేదాకా ఉండలేదు.

ఆ రోజుతో పాయింట్లు మానేసినాను. నిజాయితీ కోసం మానేసినానని రాసుకుందామని కూర్చున్నాను కానీ, కలం సాగలేదు. వాడు ఆ పూట చెప్పులు వేసుకొని వచ్చి ఉంటే, ఆ చేను మధ్యన సున్నం పోయించి, కాఫీ తాగి ఇంటికి వచ్చేవాణ్ణే.

వాడు ఊరు విడవలేదు. జొన్న, కంది వేసినాడు. పంట అంతంత మాత్రమే. నాకు ఫోన్ చెయ్యడు. ఆదివారాలు మా ఇంటామె వాడి పెండ్లాంతో మాట్లాడుతుంది. నేను పక్కన కూర్చొని, ఎద్దులు ఎట్లుండాయో అడగమని సైగ చేస్తాను. అడుగుతుంది.

బాగనే మేస్తాండాయంట.